కుందేటి కొమ్ము

2008 వానాకాలం ముగిసే రోజులు. అప్పట్లో నేను బళ్ళారి తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక గ్రామీణ శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. ఒక వ్యాపారి వర్కింగ్ క్యాపిటల్ అప్పు కోసం దరఖాస్తు పట్టుకొచ్చాడు. కొనే సరుకు ఏమిటి అన్న గడిలో ఆయన గుమాస్తా కన్నడ లిపిలో, తెలుగు మాటల్లో, “ఎండు కుందేటి కొమ్ములు” అని రాశాడు. బళ్ళారిలో ఇలా రాసేవాళ్ళు ఉంటారని మీకు నేను చెప్పనక్కర్లేదు.

నాకు నవ్వాగలేదు. ఏనుగు లక్ష్మణ కవి తెలుగు చేసిన భర్తృహరి సుభాషితాల్లో ఆ పద్యం మా తరంలో నోటికి రాని వాళ్ళెవరు? లోకంలో ఉండని వస్తువుకు పెద్దలు చెప్పే ఉదాహరణే కుందేటి కొమ్ము. లేని సరుకు చూపించి అప్పు అడిగేవాళ్ళను బ్యాంకులో చాలామందిని చూశాను గానీ, ఆ సంగతి దరఖాస్తులోనే రాసిచ్చిన మనిషిని చూడటం అదే మొదలు.

ఆయన నొచ్చుకోలేదు. సంచిలోంచి ఒక పచ్చి కాడ తీసి నా బల్ల మీద పెట్టాడు. వేలెడు లావు, మూరకు తక్కువ పొడవు, నాలుగు పలకలు, పైకి పోనుపోను సన్నబడిన కొస. ఆకు లేదు, ముల్లు లేదు. చూడగానే నా నోట్లో చేదు, పులుపు, కారం మూడూ కలిసి ఊరాయి. మా అవ్వ చేసే పచ్చడి అది! ముప్ఫై ఏళ్ళకు పైగా మరిచిపోయిన రుచి. ఇంట్లో మేం దాన్ని కారల్లం అనేవాళ్ళం, అందుకే కుందేటి కొమ్ము అంటే పోల్చుకోలేకపోయాను.

నేను కామర్సు చదివినవాణ్ణి. డెబిట్టు ఎడమ, క్రెడిట్టు కుడి అన్నంత వరకే నా శాస్త్రజ్ఞానం. అయినా ఆ కాడ నన్ను వదల్లేదు. తర్వాతి ఏళ్ళలో దొరికిన పుస్తకమల్లా చదివాను, వృక్షశాస్త్రం చెప్పే ఒక లెక్చరరు మిత్రుణ్ణి విసిగించాను. అలా తెలుసుకున్న సంగతులే ఇవి. అప్పు సంగతి తర్వాత చెబుతాను, దాన్ని దాచుకోవడం నా ఉద్దేశం కాదు.

మొదట ఒక భ్రమ తీరిపోవాలి. దీన్ని చూసినవాళ్ళంతా ఇదేదో జెముడు జాతి అనుకుంటారు. కాదు. మన చేల గట్ల మీద ముళ్ళతో ఉండే నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చిన చుట్టం. బొంతజెముడు మనదే గానీ, అది వేరే కుటుంబం, విరిస్తే తెల్లటి పాలు కారుతాయి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. కారల్లం విరిస్తే పాలు రావు, నీరులాంటి రసమే వస్తుంది. తినేవాళ్ళు మొదట చూసేది అదే. ఇంతకీ దీని దగ్గరి చుట్టం ఎవరంటే వినాయకుడి పూజకు తెచ్చే జిల్లేడు! సుగంధిపాల తీగ కూడా ఆ వంశమే. ఒకప్పుడు వీటన్నిటికీ కలిపి జిల్లేడు కుటుంబం అని విడిగా ఉండేది. తర్వాత శాస్త్రజ్ఞులు దాన్ని గన్నేరు కుటుంబంలో కలిపేశారు. మా బ్యాంకుల విలీనాల్లాగే అనుకోండి, బోర్డు మారింది గానీ లోపల కూర్చున్నవాళ్ళు వాళ్ళే.

దీని శాస్త్రీయ నామం కారల్లుమ. అవును, మన కారల్లమే! ఒక మొక్కకు పెట్టిన పేరు కూడా కాదు, ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా మన దేశం వరకు ఉన్న ఒక ప్రజాతి మొత్తానికీ ఇంటిపేరు అది. ఈ సంగతి తెలిసిన రోజు నేను మా ఇంట్లో చేసిన హడావుడి మా ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

కథ ఇలా జరిగింది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో మద్రాసులో కంపెనీ కొలువులో చేరాడు. 1781 నుంచి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి తోట వేశాడు. నీలి, మిరియాలు, చెరకు మొదలు అడవి మొక్కల దాకా దేన్నీ వదలకుండా పరిశీలించాడు. మనవాళ్ళ చేత బొమ్మలు గీయించాడు. ఆ చిత్రకారుల పేర్లు చాలావరకు మనకు మిగల్లేదు. ఆ బొమ్మల నుంచి ఏరిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటం 1795లో లండన్‌లో అచ్చయింది. అందులో మన మొక్క ఉంది. దానికి ఆయన స్టపీలియా అసెండెన్స్ అని లాటిన్ పేరు పెట్టి, తెలుగువాళ్ళు దీన్ని “కార్-అల్లం” అంటారని రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే మరో స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు జిల్లేడు కుటుంబాన్ని సర్దుతూ, ఈ మొక్క స్టపీలియాలో ఇమడదని కొత్త ప్రజాతి కట్టి, రాక్స్‌బర్గ్ రాసిన ఆ తెలుగు మాటనే దానికి పేరుగా పెట్టాడు. ఈ బ్రౌను సామాన్యుడు కాదు. నీటిలో రేణువుల కదలికకు బ్రౌనియన్ చలనం అని పేరు వచ్చింది ఈయన వల్లనే. జీవకణంలో కేంద్రకాన్ని గుర్తించి దానికి న్యూక్లియస్ అని పేరు పెట్టినవాడూ ఈయనే.

ఈ పేరు అరబ్బీ నుంచి వచ్చిందనే వాదన కూడా ఒకటి ఉంది. ఆ భాషలో మాంసపు పుండు అనే అర్థం వచ్చే మాట ఉందట, పువ్వు వాసనను బట్టి అలా అన్నారట. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కూర్చుని రాసిన కాగితం కళ్ళెదుట ఉండగా అరేబియా దాకా పోవడం ఎందుకో నాకు అర్థం కాదు. ఇక “కారు” అంటే మన భాషలో నలుపూ అవుతుంది, అడవీ అవుతుంది. అడవి అల్లం అనే అర్థంలో పుట్టిన మాట కావచ్చని నా ఊహ. ఊహ మాత్రమే సుమా, భాష తెలిసిన పెద్దలు సరిదిద్దితే సంతోషిస్తాను.

మొక్క విషయానికి వద్దాం. జానెడు నుంచి రెండు జానల ఎత్తు. నేల మీదా నేల లోపలా కొంచెం పాకి, అక్కడొక కాడ ఇక్కడొక కాడ లేచి గుంపుగా పెరుగుతుంది. ఆకులు అసలే లేవనలేం, పలకల అంచుల మీద గోరు కొసంత ఆకులు పుట్టి నాలుగు రోజుల్లో రాలిపోతాయి. అవి రాలిన చోట చిన్న పళ్ళలాంటి మొనలు మిగులుతాయి. ఆకు చేయాల్సిన వంట అంతా కాడే చేసుకుంటుంది.

బళ్ళారి ఎండ సంగతి మనకు తెలుసు. ఏప్రిల్లో గుట్ట రాయి మీద చెయ్యి పెట్టలేం. అక్కడ ఈ నీళ్ళ కాడ ఎలా బతుకుతుంది? మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. ఈ రకం మొక్కలు పగలు తలుపులు మూసుకుంటాయి. చల్లబడ్డాక రాత్రి తెరిచి, బొగ్గుపులుసు గాలిని లోపలికి తీసుకుని, పులుపు రూపంలో దాచుకుంటాయి. తెల్లవారి వెలుగు రాగానే తలుపులు వేసుకుని, దాచిన దాన్ని తీసి వంట మొదలుపెడతాయి. రాత్రి డిపాజిట్టు, పగలు విత్‌డ్రాయల్!

ఇలాంటి గుట్టును మొదట నాలుకతో పట్టినవాళ్ళలో ఒకడు కూడా మన సామర్లకోట మనిషే. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్ళిపోయాక ఆ పని బెంజమిన్ హేన్ అనే జర్మను చేతికి వచ్చింది. ఆయన మన దేశంలో ఉండగా రణపాల ఆకు నమిలి చూశాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కొంచెం చేదుగా ఉందని లండన్‌కు ఉత్తరం రాశాడు. 1815లో లిన్నియన్ సొసైటీ దాన్ని అచ్చు వేసింది. శాస్త్రజ్ఞులు ఆ పులుపు లెక్క పూర్తిగా తేల్చడానికి ఇంకో నూరేళ్ళకు పైగా పట్టింది. రణపాల మీ పెరట్లో ఉంటే రేపు పొద్దునా సాయంత్రమూ ఆకు కొస కొరికి చూడండి, పిల్లలకు ఇంతకన్నా మంచి సైన్సు పాఠం లేదు.

ఇక పువ్వు. ఇక్కడ కొంచెం నిదానిస్తాను, ఎందుకంటే నన్ను ఈ మొక్కకు కట్టిపడేసింది అదే. వానలు పడ్డాక సన్నటి కొసల వెంబడి ఒకటీ రెండుగా పూలు వేలాడతాయి. ఐదు రెక్కలు. ముదురు ఊదా, గోధుమ కలిసిన రంగు మీద లేత పసుపు చారలు. ఒక రకానికి రెక్కల అంచున సన్నటి నూగు కుచ్చులాగా ఉంటుంది, గాలి లేకపోయినా ఊగుతున్నట్టే కనిపిస్తుంది. లాటిన్‌లో ఫింబ్రియాటా అంటే కుచ్చులు గలది అని. మద్రాసు మ్యూజియంలో ఉన్న గ్రేవ్‌లీ, మయూరనాథన్ అనే ఇద్దరు 1931లో మన దేశపు కారల్లుమలన్నిటి మీదా ఒక పుస్తకం వేశారు, దాంట్లో ఈ భేదాలన్నీ ఓపికగా విడదీశారు. మన గుట్టల్లోనే ఉండే ఇంకో చుట్టం అంబెల్లాటా. దాని పలకలు లావు, పూలన్నీ కొస మీద గొడుగులా గుత్తి కడతాయి. చూడటానికి అందమే గానీ దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిందే, కుళ్ళిన మాంసపు కంపు. దాన్ని ఇప్పుడు కొందరు బూసిరోసియా అనే వేరే పేరు కింద చేరుస్తున్నారు.

ఈ కంపు, ఈ మాంసపు రంగు ఎవరి కోసం? తేనెటీగ కోసం కాదు, ఈగ కోసం. ఈగ వచ్చి పువ్వు నడుమ వాలుతుంది. అక్కడ ఐదు మొనల కిరీటం ఉంటుంది. జిల్లేడు పువ్వు నడుమ చూశారు కదా, దాని చిన్న తమ్ముడు. మందారంలోలాగా పుప్పొడి పొడిగా రాలదు. మైనపు ముద్దల్లాగా రెండేసి ముద్దలు ఒక సన్నటి క్లిప్పుకు వేలాడుతూ ఉంటాయి. రసం కోసం వెతికే ఈగ మూతో, కాలి వెంట్రుకో ఆ క్లిప్పు చీలికలో ఇరుక్కుంటుంది. గట్టిగా లాక్కుంటే క్లిప్పూ ముద్దలూ కలిసి ఊడి వస్తాయి. జోలె తగిలించుకున్నట్టు ఈగ ఇంకో పువ్వు మీద వాలుతుంది. అక్కడ ఆ ముద్ద సరిగ్గా తన కోసమే చెక్కినట్టున్న గాడిలో దిగి ఇరుక్కుంటేనే కాయ. మా లాకరుకు రెండు తాళాలు ఉంటాయి, మాది ఒకటి, ఖాతాదారుది ఒకటి. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇదీ అంతే. అందుకే పూలు విరగబూసినా కాయలు బహు కొద్ది.

కాయ నిలబడితే మాత్రం చూడాలి. ఒకే పువ్వు నుంచి రెండు సన్నటి కాయలు జంటగా, నిటారుగా లేస్తాయి. కాపరి పిల్లలకు కుందేలు చెవులూ మేక కొమ్ములూ కలిసి గుర్తొచ్చి ఆ పేరు పెట్టి ఉంటారు. నెలల తరబడి అలా నిలిచి, ఎండి, నిలువునా చీలుతాయి. లోపల చదునైన గింజలు, ఒక్కోదానికి పట్టు కుచ్చు. జిల్లేడు దూది ఊదుకుంటూ మనమంతా ఆడాం కదా, అదే. గాలికి పోయిన గింజ బోడి రాయి మీద పడితే మాడిపోతుంది. ఏ ముళ్ళ పొద నీడనో, రాతి చీలికలోనో పడితే బతుకుతుంది. కాబట్టి కారల్లం వెతకాలంటే పొదల మొదళ్ళలో వెతకాలి.

తిండి సంగతికి వస్తే, ఇక్కడి జనం ఈ కాడలను పచ్చివిగానే తింటారని రాక్స్‌బర్గే రాశాడు. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు రాష్ట్రంలో అందరికన్నా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ఆ కరువును మా అవ్వ చూడలేదు, వాళ్ళ అత్తగారి నోట విన్నది. గుట్టకు పోయి కారల్లం తెచ్చి నమిలి, నీళ్ళు తాగి పడుకునేవారట. ఆకలి చచ్చిపోయేదట. మంచి రోజుల్లో మాత్రం అవ్వ దాన్ని దర్జాగా చేసేది. పలకల అంచులు చాకుతో గీసేసి, ముక్కలు తరిగి, ఉప్పూ చింతపండూ వేసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వేయించిన చెనిక్కాయలు వేసి రోట్లో నూరేది. సంకటి ముద్దలోకి అంతకన్నా కావాల్సింది లేదు. చేదు పూర్తిగా పోకూడదనేది ఆమె సిద్ధాంతం.

ఆకలి చచ్చిపోతుందన్న ఆ మాటే చివరికి ఈ మొక్క మీదికి వ్యాపారాన్ని తెచ్చింది. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు 50 మంది పెద్దవాళ్ళ మీద 60 రోజుల పాటు చేసిన పరీక్ష 2007లో అపిటైట్ అనే పత్రికలో వచ్చింది. రోజుకు 1 గ్రాము ఫింబ్రియాటా సారం తిన్నవాళ్ళకు ఆకలీ, నడుము కొలతా తగ్గాయి. బరువులో మాత్రం ఉత్తుత్తి మందు తిన్నవాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో వాక్యం డబ్బాల మీద అచ్చు వేసిన వాళ్ళను నేను చూడలేదు. ఆకలి తీరని మనుషులు తిన్న మొక్క, ఆకలి ఎక్కువైన మనుషులకు మందు అయింది.

మా వ్యాపారి దరఖాస్తు ఆ మరుసటి ఏడాదిదే. ఆయన దగ్గర పెద్ద ఊరి నుంచి వచ్చిన ఆర్డరు ఉంది. పది కిలోల పచ్చి కాడలు ఎండబెడితే కిలో మిగిలితే గొప్ప అన్నాడు. నేను ఆర్డరు చూశాను, పాత ఖాతా చూశాను, గోడౌను చూశాను. 25 శాతం మార్జిను, నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు. నోటు రాశాను, మంజూరైంది. అడవి సరుకును వ్యాపారానికి సేకరించేటప్పుడు రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలియజేయాలని 2002 నాటి చట్టంలో ఉంది. ఆ కాగితం ఉందా అని అడగాలని నాకు తట్టలేదు. అలాంటి చట్టం ఒకటి ఉందనే నాకు తెలియదు.

అప్పు ఇచ్చాక సరుకు తనిఖీకి పోవడం మా పని. నేను పోయిన రోజు గుట్ట కింద గోనెసంచులు వరసగా పేర్చి ఉన్నాయి. కొడవళ్ళతో ఆడా మగా కూలీలు పొద పొదా వంగి చూసి, కాడలను మొదలంటా లాగి వేస్తున్నారు. కిలోకు ఇంత అని కూలి కాబట్టి చిన్నదీ పెద్దదీ అని చూడరు, వాళ్ళ తప్పూ లేదు. పూలతో ఉన్న కొసలు సంచుల్లోంచి బయటికి వేలాడుతున్నాయి, వాటి మీద ఈగలు. నేను సంచులు లెక్క పెట్టుకున్నాను. స్టేట్‌మెంటుతో సరిపోయింది. సంతకం చేశాను. తిరిగి వస్తుంటే ఒక ముసలి గొర్రెల కాపరి జీపు ఆపి, “ఎండకాలం దప్పికైతే దీన్నే నమిలేది సార్ మేము. మల్లా ఎన్నేండ్లకు వస్తుంది ఇది?” అని అడిగాడు. సర్కారు మనిషికి తెలిసి ఉంటుందనుకున్నాడు పాపం. నేను ఏదో తల ఊపి వచ్చేశాను.

ఆ అప్పు వడ్డీతో సహా గడువులోగా తీరింది. ఆడిటులో ఒక్క రిమార్కు లేదు. రెండో ఏడు ఆ వ్యాపారి మళ్ళీ రాలేదు, సరుకు లేదన్నాడు. 2012లో బదిలీ మీద వేరే చోటికి పోయే ముందు ఒక ఆదివారం ఆ గుట్ట ఎక్కాను. సండూరు కొండల్లో ఇనుప గనులను సుప్రీంకోర్టు ఆపి అప్పటికి ఏడాది అయింది, ఎర్ర దుమ్ము తగ్గిందని అందరూ అనుకుంటున్న రోజులు. గనుల గురించి అంత మాట్లాడిన నేను, నా సంతకంతో ఒక గుట్ట బోడి అయిన సంగతి ఎవరితోనూ అనలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగితే నాలుగు కాడలు కనిపించాయి. కొడవలి దూరని ఒక ముళ్ళపొద నడుమ ఉండి అవి బతికిపోయాయి.

వాటిని ముట్టుకోలేదు. మా లెక్చరరు మిత్రుడి పెరట్లో రాయదుర్గం వైపు నుంచి తెచ్చిన గుంపు ఒకటి ఉంది. కాడ తుంచి, తెగిన చోటు నాలుగు రోజులు ఆరనిచ్చి, గరుకు ఇసుకలో గుచ్చితే వేరు పడుతుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే మాత్రం కుళ్ళుతుంది, ప్రేమతో చంపే మొక్క ఇది. బళ్ళారికి తిరిగి వచ్చాక అలా వేరు పోసుకున్న తొమ్మిది కాడలు గుట్టకు తీసుకెళ్ళి పొదల నీడన నాటాను. మొదటి వేసవికే ఆరు పోయాయి. మూడు నిలిచాయి. ఇంట్లో కుండీలో ఉన్నది ఏటా పూస్తుంది, ఒక్క కాయా కట్టలేదు.

మొన్న దసరా సెలవుల్లో మా అబ్బాయిని వెంటబెట్టుకుని మళ్ళీ ఎక్కాను. మూడింటిలో ఒకటి గుంపు కట్టింది. దాని పక్కన, నేను నాటని చోట, వేలి కొసంత పిలక ఒకటి ఉంది. పిలకో, గింజ మొలకో నాకు తేల్చడం రాలేదు. గుంపులో ఒక కొస మీద మాత్రం రెండు కొమ్ములు, పచ్చగా, నిటారుగా. ఆ ముసలాయన ఇప్పుడు లేడు, ఆయన మనవడు గొర్రెలు మేపుతున్నాడు. వాడే చూపించాడు వాటిని. మా అబ్బాయి ఫోను తీసి ఫోటో కొట్టబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఫోటో తీసుకో అన్నా, యాడుందో మాత్రం ఎవరికీ చెప్పగాకండి” అన్నాడు.

అందుకే ఆ గుట్ట పేరు ఇక్కడ రాయలేదు.